నలభై ఐదో రోజు

"ఆకు కుళ్ళకపోతే నీకు డబ్బులెందుకివ్వాలి?"

జనార్ధనరావుగారు ఆ మాట అడిగింది జనవరి రెండో వారంలో, నాచారంలోని తమ అపార్ట్‌మెంట్ల వెనక, ఎరువు గుంతల దగ్గర నిలబడి. ఆయన అసోసియేషన్ సెక్రటరీ. అడిగించుకున్న లక్ష్మీనర్సమ్మ ఆరేళ్లుగా ఆ రెండు వందల ఇళ్ల కూరగాయల తొక్కల్నీ, రాలిన ఆకుల్నీ ఎరువు చేస్తున్న మనిషి. నిరుటిదాకా నెల జీతం. ఈయన వచ్చాక గుంతకు పద్దెనిమిది వందలు, అదీ నింపిన నలభై ఐదో రోజున జల్లెడ పట్టి బస్తాలకెత్తితేనే. నలభై ఐదన్న అంకె ఆయనకు ఏదో వర్క్‌షాపులో దొరికింది. ఏడాదిలో చలికాలమొకటి ఉంటుందని అక్కడ చెప్పలేదు కాబోలు.

లక్ష్మీనర్సమ్మకు వర్క్‌షాపు లేదు, ఇనుప చువ్వ ఉంది. పొద్దున్నే దాన్ని గుంతలో దించి, కాసేపాగి తీసి, పిడికిట పట్టి చూస్తుంది. శ్రావణంలో చువ్వ చురుక్కుమంటుంది. నెల తిరక్కుండా ఎరువు తయారు. పుష్యంలో చువ్వ చల్లగా వస్తుంది. అన్నం, ఆలుగడ్డ తొక్క ఎలాగో కరుగుతాయి గానీ ఆకు ఈనె కదలదు. పిండిని తినే సూక్ష్మజీవులు వేరు, ఆకులోని మొండి పీచును తినేవి వేరు. చలికి ఆ రెండో జట్టు చేతులు ముడుచుకుంటుంది.

"గుంత సల్లగుంది సార్. ఫాల్గునం దాంక జర ఆగుండ్రి."

"వానాకాలంలో నెలకే అయింది కదా, ఇప్పుడెందుకవదు? నువ్వు సరిగా తిప్పడం లేదు."

"ఎండకాలం పెరుగు ఎంతసేపట్ల తోడుకుంటది, గిప్పుడెంతసేపు పడ్తది? ఇంట్ల అమ్మగారిని అడుగుండ్రి."

ఆయన అడగలేదు. నెలాఖరుకు చెత్తను ఎరువు చేసే అపార్ట్‌మెంట్లను చూసే అవార్డు కమిటీ వస్తోంది, బస్తాలు కనపడాలన్నాడు. కనపడితేనే బిల్లు.

లక్ష్మీనర్సమ్మ తప్పు చేసింది ఇక్కడే. తెలిసి తెలిసి, డబ్బుల కోసం, పచ్చిగా ఉన్న ఆరు గుంతల్నీ జల్లెడ పట్టింది. బస్తాలకు రిబ్బన్లు కట్టారు. భూమాత గురించి నలుగురు మాట్లాడారు. షీల్డు వచ్చింది. ఆ ఎరువును పూలమడుల్లో చల్లితే, సగం కుళ్ళిన ఆకు మిగతా కుళ్ళు అక్కడే మొదలెట్టి, మొక్కలకు అందాల్సిన నత్రజనిని తానే లాక్కుంది. మూడు వారాలకు బంతి, గులాబీ పసుపెక్కాయి.

"నాసిరకం ఎరువు. బిల్లు ఆపేశాం," అన్నాడు సెక్రటరీ.

"జల్లెడ పట్టుమన్నదెవరు సార్?"

"పనిమంతురాలివి, నీకు తెలియదా?"

"తెలుసు. తెల్వకనే జెప్పిన్నా మీకు?"

ఫిబ్రవరిలో ఆమెను మానిపించారు. జూన్‌లో ఉపేందర్ అనే అతన్ని పెట్టారు. వానలు పడ్డాయి, గుంతలు వేడెక్కాయి, అతని మొదటి గుంత ఇరవై తొమ్మిదో రోజుకే నల్లగా పొడిపొడిగా దిగింది. "పని తెలిసినవాడంటే ఇలా ఉండాలి," అని జనార్ధనరావుగారు మీటింగులో మెచ్చుకున్నారు.

లక్ష్మీనర్సమ్మ ఇప్పుడు చువ్వ పట్టుకుని పీర్జాదిగూడ పోతోంది, అక్కడ నెల జీతం. నాచారంలో షీల్డు లిఫ్టు పక్కన అద్దాల పెట్టెలో ఉంది. ఆరు గుంతల పదివేల ఎనిమిది వందలు ఇంకా ఇవ్వలేదు.