రిలీవర్ లేని కుర్చీ

వసుంధర ఇక లేదన్న దుర్వార్త మంగళవారం ఉదయం ఆమె కూతురు హారిక గొంతులోనే విన్నాను. "చిన్నమ్మా, అమ్మ లేస్తలేదు" అంది ఫోన్‌లో. ఏనాటి నుంచో భయపడుతున్నదే అయినా ఫోన్ పెట్టేయడం కూడా మరిచి చెప్పులేసుకుని బయల్దేరాను. మరణానికి ముందే సిద్ధపడడం ఉత్త మాట.

సికింద్రాబాద్ స్టేషన్‌లో వసుంధరా నేనూ పక్కపక్క టికెట్ కౌంటర్లలో కూర్చునేవాళ్లం. కార్యదక్షురాలు, నోరు కూడా గట్టిదే. బదులు మనిషి వచ్చేదాకా లేచేది కాదు, వచ్చాక ఆగేది కాదు. "రిలీవర్ వచ్చినంక సుత కుర్చీ పట్టుకొని కూసుంటే అది డ్యూటీ కాదే, అహంకారం" అనేది.

నరాల వ్యాధి మొదట ఆమె కాళ్లను, ఆనక చేతులను హరించింది. భర్త అంతకుముందే గతించాడు. మల్కాజ్‌గిరిలోని ఆ చిన్న ఇంట్లో తల్లి స్నానం, తిండి, మందులు సమస్తం పదో తరగతి చదివే హారిక నెత్తిన పడ్డాయి. చుట్టాలు వచ్చి "బంగారు తల్లి, ఎంత మాతృసేవ!" అని మురిసిపోతే వసుంధరకు ఒళ్లు మండేది.

"తారీఫులు సాలు. ఒక్కరన్న సాయంత్రం ఈడ కూసోండి. నా బిడ్డ జెర బయట తిరిగొస్తది" అని మొహం మీదే అనేది. కూర్చున్నది నేనొక్కదాన్నే.

దానికీ మా కౌంటర్ పద్ధతే పెట్టింది. నేను గుమ్మంలోకి రాగానే హారిక బాధ్యత అప్పగించాలి. "అమ్మ జావ తాగింది, వీపుకు పౌడర్ రాసిన. ఛార్జి ఇస్తున్న చిన్నమ్మా" అనాలి. నేను "తీసుకున్న" అనాలి. ఒకసారి స్నేహితురాళ్లతో మిర్చీబజ్జీలకని వెళ్లిన పిల్ల, పొట్లం వేడి తగ్గకముందే పరుగెత్తుకొచ్చింది.

"గప్పుడే వచ్చినవేందే?"

"నువ్వు పరేషాన్ అయితవని, అమ్మా."

"రిలీవర్ ఉండంగ నాకేం పరేషాన్? పో. చీకటి పడేదాక మొహం సూపియ్యకు."

పిల్ల మూతి ముడుచుకుని వెళ్లింది. తలుపు మూసుకోగానే వసుంధర తన కళ్లు తుడవమని నన్నడిగింది. "నన్ను సూసుకునుడే బతుకనుకుంటే, రేపు నేను పోయినంక అదేమైతదే?" అంది. ఆ దిగులే ఆమెను జబ్బుకంటే ఎక్కువ తినేసింది.

మంగళవారం నేను వెళ్లేసరికి హారిక తల్లికి తల దువ్వి, చీర సర్ది, చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఎవరు బతిమాలినా లేవదు, ఏడవదు. రోజూ సాయంత్రం నడిచే పద్ధతిలోనే అడిగాను.

"ఛార్జి ఇయ్యి బిడ్డా."

తల్లి నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి సర్ది నా వైపు తిరిగింది. "అమ్మ... రాత్రి జావ తాగింది. ఇప్పుడు తల దువ్విన. ఛార్జి ఇస్తున్న చిన్నమ్మా."

"తీసుకున్న."

అప్పుడు లేచింది. నా భుజం మీద పడి పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

వసుంధరా, నువ్వు కోరినట్టే నీ బిడ్డ డ్యూటీ దిగింది. దాని చదువుకు పూచీ నాది. సాయంత్రాలు బయటికి తరుముతాను, చీకటి పడేదాకా రానివ్వను. కానీ నిన్న అది గుమ్మంలోంచి వెళ్తూ వెళ్తూ అలవాటు చొప్పున నీ మంచం వైపు తిరిగి, "పోయొస్తనే అమ్మా" అంది. ఆ మాటకు బదులు పలకడం నా వల్ల కాలేదు. నీ కుర్చీకి రిలీవర్ లేదే, అక్కా.