సున్నం వేసిన హద్దురాళ్ళు

డిసెంబరు నెలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. మస్కట్‌లో కాపురమున్న అయిదేళ్ళూ ఆ నెల కోసమే బతికాను మరి. మా ఆయనకు ఏడాదికి ఒకసారి, డిసెంబరు చివర్లో సెలవు దొరికేది. మేమిద్దరం, చంకలో పిల్ల, నాలుగు పెట్టెలు. దిగేది మచ్చ బొల్లారంలో మా అన్నయ్య ఇంట్లో. రెండో రోజుకే పెట్టెలు ఖాళీ. సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుని, "నీకేమమ్మా, అక్కడ మహారాణివి" అని ఒక మాట పడేసి పోయేవాళ్ళు.

ఏం మహారాణి, నా మొహం. ఒక్క గది, దానికి ఒక్క కిటికీ. తెరిస్తే వడగాలి, మూస్తే ఏసీ రొద. ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. నా తెలుగు వినడానికి ఆ పిల్ల తప్ప దిక్కులేదు. దానికేమో ఇంకా మాటలే రాలేదు.

ఆ గదిని భరించానంటే శామీర్‌పేటలో మాకున్న రెండు వందల గజాల స్థలం వల్లే. కరీంనగర్ రోడ్డు మీంచి లోపలికి పోతే, చెరువు వెనకపక్క కొత్తగా ప్లాట్లు చేసిన భూమి. పెళ్ళయిన కొత్తలో ఆయనే కొన్నాడు. అక్కడ ఇల్లు లేవగానే నేనూ పిల్లా ఇక్కడే ఉండిపోతాం, ఆయన ఇంకో రెండేళ్ళు చేసి వచ్చేస్తాడు. అదీ మా ఒప్పందం.

సెలవుకొచ్చినవాళ్ళు ప్లాటు చూసుకోవడం ఆ రోజుల్లో ఒక వ్రతం. చూసుకోకపోతే ఎవడో ఒకడు కంచె వేసేస్తాడని భయం. మేం ఏటా జనవరి ఒకటిన పోయేవాళ్ళం. తుమ్మకంప కొట్టి, హద్దురాళ్ళకు సున్నం వేసి, ఎర్రరంగుతో మా నంబరు రాసి, ఈశాన్యం మూల కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. కాలనీల్లో అందరూ కేకులు కోసుకుంటుంటే మేం కాళ్ళలో ముళ్ళు తీసుకునేవాళ్ళం. నాకు అదే పండగ. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ పిల్ల గది అని కర్రతో నేల మీద గీసేదాన్ని. ఆయన గంగిరెద్దులా తలూపేవాడు.

అయిదో ఏడు నేను తేల్చేసుకున్నాను. మళ్ళీ విమానం ఎక్కేది లేదు. ఉగాదికి శంకుస్థాపన చేయించి, దగ్గరుండి ఇల్లు కట్టించుకుంటానని చెప్పాను. "చూద్దాం" అన్నాడు. మా ఆయన చూద్దామన్నాడంటే ఆ పని కానట్టే. అయినా నేను లెక్కచేయలేదు.

ఒకటో తేదీ పొద్దున సున్నం కలుపుతుంటే బుల్లెట్ మీద ఒకాయన వచ్చాడు. తెల్ల బట్టలు, మెడలో గొలుసు, ఆ చుట్టుపక్కల భూములున్న మనిషని చూడగానే తెలుస్తోంది. బండి దిగి, మా హద్దురాయి మీద తాపీగా కూర్చున్నాడు. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు.

"ఎవరండీ మీరు? అది మా రాయి, లేవండి" అన్నాను.

"రాయి ఏందమ్మా, జాగనే నాది."

"కాయితాలున్నాయి మా దగ్గర. ఊళ్ళో ఉండం కదా, కాజేద్దామనుకున్నారా?"

ఆయన మొహం ఎర్రబడింది. "మాట మంచిగ రానియ్యమ్మా. ఏడాదికి ఒక్క దినం వచ్చి మా మీదనే ఒర్రుతవా? మూడేండ్ల సంది చూస్తున్న. నా జాగల కంప మీరే కొడ్తుండ్రు, నాకు కూలి మిగుల్తాంది. నేనెందుకు వద్దంట?"

"మరి మాదెక్కడ?"

చెయ్యెత్తి చెరువు వైపు చూపించాడు. "మీ నంబరు జాగ గా నీళ్ళల్ల ఉన్నది. ఎండకాలం గూడ బురద ఆరదు."

"అబద్ధం" అన్నాను.

"నాకేం అవసరం? పోయినేడే సార్‌ను దగ్గరుండి తోల్కపోయి సూపిచ్చిన. అడుగుండ్రి."

వెనక్కి తిరిగాను. మా ఆయన గొంతుక్కూర్చుని రాయికి సున్నం వేస్తూనే ఉన్నాడు. వేసినవైపే మళ్ళీ వేస్తున్నాడు.

"నిజమేనా?" అన్నాను. తల దించుకునే ఊపాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏడాదిగా తెలిసీ పొద్దున్నుంచి నాచేత కంప కొట్టిస్తున్నావా? సిగ్గులేదూ నీకు?" అని అరిచాను. ఆరేళ్ళ కాపురంలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాయను. పిల్ల జడుసుకుని ఏడ్చింది. తగువుకొచ్చిన ఆ పెద్దమనిషే లేచి, "పిల్ల ఎండల ఉన్నదమ్మా, జర చూసుకోండ్రి" అని బండి తీసి వెళ్ళిపోయాడు.

రోడ్డు దాకా నడిచి ఆటో ఎక్కాం. సగం దూరం వచ్చాక ఆయనే అన్నాడు, రోడ్డువైపు చూస్తూ.

"చెబితే నువ్వు పోయినేడే ఇక్కడ ఆగిపోయేదానివి. ఇల్లు కడతామన్న ఆశ ఉంటే ఇంకో ఏడాది వస్తావనుకున్నాను. ఒక్కణ్ణీ ఆ గదిలో ఉండలేను."

అయిదేళ్ళూ ఆ గది నా ఒక్కదాని శిక్ష అనుకున్నాను. ఆయనకూ అది అంతేనని నాకెప్పుడూ తోచలేదు. తోచాక మాత్రం జాలి రావాలి కదా, రాలేదు.

"ఇప్పుడు ఉండండి" అన్నాను.

నాలుగో తేదీన ఆయన ఒక్కడే విమానం ఎక్కాడు.