ఫణి జేబురుమాలు

మా చిన్నప్పుడు... బందరులో మా ఇంగ్లీషు మాస్టారు బోర్డు మీద ఒక మాట రాసి అర్థం అడిగేవారు. చెప్పినవాళ్ళు లేచి, చెప్పలేనివాళ్ళ ముక్కు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో చెంప మీద ఒకటి ఇవ్వాలి. అదీ పద్ధతి. మాస్టారు హాయిగా కుర్చీలో కూర్చునేవారు.

ఎప్పుడూ చెప్పేది ఫణి. వాళ్ళ నాన్నగారు ఆఫీసులో గుమస్తా, ఇంట్లో అందరికీ ఇంగ్లీషు వచ్చు. అందరి ముక్కూ మామూలుగానే పట్టుకునేవాడు. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం జేబురుమాలు తీసి, దాంతో పట్టుకునేవాడు.

మాది బందరు పక్కనే ఉన్న గిలకలదిండి. నాన్న సముద్రం మీద వేటకెళ్తే, అమ్మ గంపలో చేపలు పెట్టుకుని అమ్మేది. ఆ రుమాలు బయటికి రాగానే క్లాసంతా కిసుక్కున నవ్వేది... మాస్టారు కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఇంటికెళ్ళి ఒళ్ళంతా రుద్దుకునేదాన్ని. "ఏంటే, సున్నిపిండంతా నువ్వొక్కదానివే అవజేసేత్తన్నావు?" అనేది అమ్మ. కారణం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు మాస్టారు వెళ్తూ వెళ్తూ, "రేపటి మాట రెక్టిఫై. అర్థం ఒక్కటే చాలదు, ఎక్కడెక్కడ వాడతారో కూడా చెప్పాలి" అన్నారు. మా వీధిలో ఒక అక్క రోజూ గుడ్లవల్లేరు కాలేజీకి వెళ్ళి ఇంజనీరింగు చదివేది. సాయంత్రం ఆవిడ బస్సు దిగేచోట కాపు కాశాను.

"సరిచెయ్యడమే" అంది అక్క. "లెక్కలో తప్పుంటే దిద్దుతాం చూడు, అదీ రెక్టిఫైయే. మీ నాన్న బోటు ఇంజను ఆగిపోతే బాగుచేయిస్తారే, అదీ అంతే. మా కరెంటు పాఠాల్లో అయితే, అటూ ఇటూ పారే కరెంటుని ఒకవైపే పారేలా చెయ్యడం."

అన్నం తింటూ కూడా అవే గొణుక్కున్నాను.

మర్నాడు ఫణి లేచి "సరిదిద్దడమండీ" అన్నాడు. "ఎక్కడ వాడతారు?" అన్నారు మాస్టారు. "తప్పులకండీ." "ఇంకా?" అనేసరికి నీళ్ళు నమిలాడు... నేను లేచాను. తప్పు, ఇంజను, కరెంటు... అన్నీ చెప్పాను. మాస్టారు ఇక కానివ్వమన్నట్టు చెయ్యూపారు.

మిగతావాళ్ళని ఊరికే తాకి వదిలేశాను. ఫణి దగ్గర ఆగాను. వాడి జేబులోంచి వాడి రుమాలే లాగి, దాంతోనే వాడి ముక్కు పట్టుకున్నాను. గట్టిగా. తర్వాత కొట్టాను... ఆ చప్పుడు పక్క క్లాసుకి వినిపించి ఉంటుంది. రుమాలు వాడి ఒళ్ళో పడేసి, చెయ్యి పావడాకి తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. వాడి కళ్ళల్లో నీళ్ళు చూస్తే నాకెంత హాయిగా ఉందో... పాపం అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

ఇప్పుడు బళ్ళో పిల్లల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. మా అమ్మాయి ముక్కు ఎవరూ పట్టుకోరు. మంచిదే. నా కోపం కూడా ఆ రోజుతో తీరిపోయిందనే అనుకున్నాను ఇన్నేళ్ళూ.

మొన్న మా బడి వాట్సాప్ గ్రూపులో ఫణి రాశాడు... "ఆ రోజులే వేరు. మన మధ్య ఏ తేడాలూ ఉండేవి కావు" అని. అందరూ పూలు, దండాలు పెట్టారు. నేను మాత్రం, "నీ జేబురుమాలు గుర్తుందా ఫణీ?" అని అడిగాను.

చూశాడు. నీలం టిక్కులు పడ్డాయి...

ఈలోగా, ఇది చదువుతున్న మీరు, మీ ముక్కు పట్టుకున్నవాళ్ళ సంగతి చెప్పండి. వాడు జవాబిచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను.