ఓనరమ్మ కుండీలో వాము ఆకు

కొత్తగా కాపురానికి వచ్చిన ఆ రోజుల్లో సీతాఫల్‌మండిలో నాకు భయం లేని చోటు పొయ్యి దగ్గరొక్కటే. అత్తమ్మంటే భయం, మేడ మీద ఉండే ఓనరమ్మంటే ఇంకా భయం. (మా ఆయనంటే లేదు. ఆయనకే నేనంటే ఉండేది.) ఒకరోజు అత్తమ్మకు జ్వరమొచ్చి నోరు చేదెక్కింది. బేగంపేటలో ఒక హోటల్లో గిన్నెలు కడిగే మా ఆయన అక్కడి సూపుల గురించి గొప్పగా చెప్పేవాడు. ఎన్నడూ చూడని ఆ సూపు నేనూ వండాలనుకున్నాను. రెండు టమాటాలు, ఒక క్యారెట్టు, గుప్పెడు పెసరపప్పు ఉడికించి, మెదిపి, వడగట్టి, మిరియాల పొడి చల్లాను. కానీ నాకు చిన్నప్పటి నుంచి వాము ఆకు ఘాటంటే పిచ్చి. అదేమో మేడ మెట్ల మీద ఓనరమ్మ కుండీలో ఉంది. అడిగితే ఇవ్వదు. చప్పుడు కాకుండా నాలుగు ఆకులు తెంపుకొచ్చి, సన్నగా తరిగి వేశాను.

"ఏందే ఇది?" అంది అత్తమ్మ.

"సూపు, అత్తమ్మా."

"చారుకు పేరు మార్చినవా?" అంటూ గ్లాసు తీసుకుని, ఎండలో కూర్చుని తాగుతానని వెనక్కి వెళ్ళింది. ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చింది. ఆ సంబరంలో, సాయంత్రానికి కూడా ఉంటాయని ఇంకో రెండు ఆకుల కోసం మెట్లెక్కాను. అప్పుడు కనిపించింది కుండీ వెనకాల పురుగుల మందు డబ్బా. అప్పటికి నాకు అక్షరాలు రావు. దాని మీదున్న పుర్రె బొమ్మ మాత్రం బాగానే చదవగలిగాను. ఎత్తి చూస్తే ఖాళీ. అంటే మందంతా ఈ ఆకుల మీదే కొట్టేశారన్నమాట.

కిందికొచ్చి అత్తమ్మ ఎదురుగా కూర్చున్నాను.

"కళ్ళు గిట్ల తిరుగుతున్నయా, అత్తమ్మా?"

"నువ్వు అడుగుడుకే తిరుగుతున్నయ్. గంట సంది నా మొఖమే చూస్తున్నవ్, నేనేమన్న సినిమానా?"

ఆమెకేమన్నా అయితే మా ఆయనకు ముఖమెలా చూపించను? గిన్నెలో మిగిలిన సూపు మొత్తం ఎత్తి గటగటా తాగేశాను, పోతే ఇద్దరం కలిసే పోతామని. (డాక్టరు దగ్గరికి పోవాలన్న ఆలోచనే రాలేదు.) తాగాక ఏడుపు ఆగక అంతా చెప్పేశాను.

అత్తమ్మ నింపాదిగా, "నేను తాగలేదే. ఆ వాసన నాకు పడది. మోరీల పోసిన," అంది. మరుక్షణం ఆమె ముఖం పాలిపోయింది. "నువ్వు తాగినవా?"

అంత జ్వరంతోనూ నా జడ వెనక్కి పట్టుకుని, చెంబుడు ఉప్పునీళ్ళు పట్టించి, మోరీ కాలువ దగ్గర కక్కించింది. ఆ గోలకు ఓనరమ్మ దిగివచ్చి, ఆకుల్లో మందుందన్న మాట మాత్రం విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మందూ లేదు, మట్టీ లేదు. ఎప్పటిదో ఖాళీ డబ్బా, కడిగి పెట్టిన. ఆకులు తెంపెటోళ్ళకు జెర బెదురుండాలని. ఇంతకీ ఎవరు తెంపిన్రు?"

నేను తల వంచుకున్నాను.

"నేనే తెంపిన," అంది అత్తమ్మ. "జ్వరమొచ్చినోళ్ళకు నాలుగాకులు సుత ఇయ్యవా?"

అత్తమ్మ ఇప్పుడు లేదు. సూపు కాచినప్పుడల్లా ఆనాటి పిల్ల గుర్తొస్తుంది. చావుకు సిద్ధపడి గిన్నె ఎత్తింది కానీ, ఓనరమ్మ ముందు 'నేనే తెంపిన' అన్న ఆ రెండు మాటలు అనలేకపోయింది. దాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా.