మెల్లబంతి ఆటగాడు

అతను కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసేవాడు. వేరే దేశం నుంచి వచ్చి స్థిరపడ్డాక దొరికిన పని అది. పుట్టినచోట జిల్లా జట్టు ఎంపికలకు వెళ్లిన ప్రతిసారీ ఉత్తచేతులతో తిరిగొచ్చిన మనిషి. "వాళ్ల తప్పేం లేదు. నా బంతి బ్యాటు దాకా చేరేలోపు అంపైరుకు ఆవులింత వచ్చేది" అని తనే చెప్పి నవ్వేవాడు.

కొత్త దేశంలో క్రికెట్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. మొదటి ఆదివారం తెల్లబట్టలేసుకుని మెట్లు దిగుతుంటే పక్కింటావిడ ఎదురై, "హోటల్లో వంటపని దొరికిందా?" అని సంబరపడింది. పార్కు చివర ఆడుకునే తనలాంటివాళ్లలో కలిశాడు. కొన్నేళ్లకు ఆ దేశానికీ ఓ జాతీయ జట్టు పుట్టింది. కెప్టెన్ ప్లంబరు, వికెట్ కీపరు బస్సు డ్రైవరు. పౌరసత్వం ఉండి, బంతిని కాస్తో కూస్తో తిప్పగలిగినవాడు ఇంకెవరూ దొరక్కపోవడంతో, నలభై దాటాక, బొజ్జతో సహా అతను అంతర్జాతీయ ఆటగాడైపోయాడు.

ఆ కబురు విని భార్య పొయ్యి కట్టేసి మరీ అడిగింది: "నిజం చెప్పండి, ఆడటానికా, సంచులు మోయడానికా?"

"రెండిటికీనట."

ఇక్కడే పుట్టిన కూతురు జాతీయగీతం నేర్పడానికి కూర్చుంది. "నాన్నా, నువ్వు పలికినట్టు పలికితే 'మా నేల' కాదు, 'మా గోడ' అని అర్థం!" అని తల పట్టుకుంది. ఆట రోజున అతను దేశం పరువు కోసం పెదాలు మాత్రం కదిపాడు.

ఆ మొదటి ఆట, పుట్టిన దేశం నుంచి వచ్చిన జట్టుతోనే పడింది. అతని తొలి ఓవర్లో బంతి మైదానంలో కంటే అవతల నిలిపిన కార్ల కిందే ఎక్కువసేపు గడిపింది. రెండో ఓవరు మధ్యలో ఇద్దరు కుర్ర బ్యాటర్లు, తమ భాష ఎవరికీ రాదన్న ధీమాతో గట్టిగానే మాట్లాడుకున్నారు.

"ఈ తాత బంతికి బ్యాటెందుకురా, అట్టముక్క చాలు!"

"తొందరపడకు."

"చూస్తుండు. ఈసారి ముందుకురికి నేరుగా లేపేస్తా."

ముందు 'తాత' అన్న మాట గుచ్చుకుంది. మిగతాది బుర్రకెక్కడానికి ఇంకాస్త సమయం పట్టింది. వెంటనే బంతిని బ్యాటుకు జానెడు దూరంగా వేద్దామనుకున్నాడు. చెమట పట్టిన చేతిలోంచి జారి అది బారెడు దూరం పోయింది. కుర్రాడు ఉరికాడు, బ్యాటు గాలిని కొట్టింది. బస్సు డ్రైవరు బంతిని పట్టనే లేదు. అది ఆ డ్రైవరు ఛాతీకి తగిలి వెనక్కొచ్చి వికెట్లను పడగొట్టింది. అంపైరు వేలెత్తాడు.

"అట్టముక్కే తెచ్చుకోవాల్సింది బాబూ" అన్నాడతను మాతృభాషలో. కుర్రాడు కొయ్యబారిపోయాడు.

సొంతవాళ్ల మీద గెలిస్తే మనసు కలుక్కుమంటుందేమోనని అతను ఆటకు ముందు వారం రోజులు దిగులుపడ్డాడు. తీరా చూస్తే కలుక్కుమన్నది పిక్క. వికెట్టు పడ్డ సంబరంలో ప్లంబరు మీదికి ఎగిరి దూకడంలో నరం పట్టేసింది. మిగతా ఆట కుంటుతూనే ఆడాడు. జట్టు చిత్తుగా ఓడింది.

సాయంత్రం ఆ కుర్రాడు వెతుక్కుంటూ వచ్చాడు. "మీరు మనవాళ్లని ముందే చెప్పకూడదా అంకుల్?"

"చెబితే ఆ వికెట్టు నాకెవడిస్తాడు నాయనా?"

"తాత అన్నందుకు సారీ అండీ."

"అన్నయ్యా అనమని నేనూ అడగలేనులే. బాబాయ్ అను, చాలు."

పుట్టిన ఊళ్లో టీవీలో ఆట చూసిన అక్క ఫోన్ చేసి చీవాట్లేసింది. "మన పిల్లాణ్ణే ఔట్ చేస్తావురా? పైగా ఆ గంతులేంటి?"

"ఆగలేకపోయానక్కా" అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు ఆడాడు. ఒకటీ అరా వికెట్లు పడ్డాయి. ఇంతలో బేకరీలో పనిచేసే ఓ యువకుడికి పౌరసత్వం వచ్చింది, ఇతని చోటు పోయింది. రిటైర్మెంట్ ప్రకటిద్దామంటే అడిగే నాథుడు లేడు. చివరికి దుకాణం యజమానికే చెప్పాడు: "నేను రిటైరయ్యానండీ."

ఆయన కంగారుగా లేచాడు. "అయ్యో, మరి ఈ అద్దాలెవరు చేస్తారు?"