గోమార్ల వంక

మా మేనత్త వత్ఫా గుడారం విప్పే ముందు మగవాళ్ళని ఒక్కటే అడిగేది: "దగ్గరా, దూరమా?" ఎందుకని అడిగేది కాదు. ఎంత దూరమో తెలిస్తే ఎందుకో తెలిసినట్టే. కేకేస్తే వినపడేంత దగ్గరైతే గోమార్లు. మేకలు ఒకేచోట నెలల తరబడి పడుకుంటే వాటి ఒంటిమీది గోమార్లు నేలలోకి దిగి, మనుషుల్ని కూడా కుట్టి చంపుతాయి. అవి కాకపోతే పక్క గుడారపు ఆడవాళ్ళతో తగాదా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిచే దూరమైతే గడ్డి కోసమో నీళ్ళ కోసమో. దాన్ని కూడా దాటి పోయామంటే ఎక్కడో నెత్తురు పడ్డట్టు.

నెత్తురు పడితే మా కట్టుబాటు వేరు. చంపినవాడు ఒక్కడు పోతే సరిపోదు. అతనికి ఐదు తరాల లోపు బంధువులంతా గుడారాలెత్తుకుని, చచ్చినవాడి మనుషుల కంట పడనంత దూరం వెళ్ళిపోవాలి. రాజీ కుదిరేదాకా తిరిగి రాకూడదు. దాన్ని మేము జల్వా అంటాం.

మాలో గుడారం ఆడవాళ్ళ సొత్తు. మేకల బొచ్చు వడికి నేసేది, నిలబెట్టేది, విప్పేది వాళ్ళే. మగవాళ్ళు కాఫీ తాగుతూ ఎటు పోవాలో తేలుస్తారు. అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తే. పొట్టి మనిషి, బలమైన చేతులు. మేకు నేలలోకి దిగకపోతే మేకునీ, నేలనీ, ఆ నేల చూపించిన మా మామనీ కలిపి తిట్టేది.

అత్తకి ఒక్కతే కూతురు, ఫిద్దా. గుట్ట అవతలి తెగలో నవాఫ్ అనే అతనికి ఇచ్చి చేశారు. ఆ ఏడు ఫిద్దాకి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు బిడ్డని తన చేతులతోనే అందుకుంటానని అత్త మాటిచ్చింది. కూతురి గుడారం పైకప్పు మధ్యలో కుట్టడానికి ఒక కొత్త పట్టీ కూడా మొదలుపెట్టింది. మా మగ్గానికి కాళ్ళుండవు. నేలలో మేకులు దిగ్గొట్టి, పొడుగ్గా పడుగు లాగి, దాని మీదే కూర్చుని నేస్తాం. పట్టీ సగం అయింది.

ఒక పొద్దున మా మామ మిత్లక్ బావి దగ్గర్నుంచి వచ్చాడు. తలగుడ్డ కొంగుతో మూతి కప్పుకుని ఉన్నాడు.

"గుడారం విప్పు."

"దగ్గరా, దూరమా?"

"దగ్గరే."

మా మామ మేకల ధర విషయంలో అబద్ధమాడేవాడు, తన వయసు విషయంలోనూ ఆడేవాడు. ఈ ప్రశ్నకి మాత్రం ఎప్పుడూ ఆడలేదు. అందుకే అత్త నమ్మింది. దగ్గరికి పోయేవాళ్ళు సర్దినట్టే సర్దింది. మగ్గం మేకులు పీకలేదు. రేపొచ్చి చుట్టుకుపోవచ్చని పట్టీ మీద ఒక పాత గోనె కప్పి, గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టింది.

లారీ వచ్చి ఆగింది.

"దగ్గరికి లారీ ఎందుకు?" అంది అత్త.

"ఉత్తినే పోతోందిలే. ఎక్కు."

లారీ మొదటి మలుపు తిరగ్గానే అత్త వెనక్కి చూసింది. "గోమార్ల దూరం దాటేశాం కదే పిల్లా" అంది నాతో. పెద్ద వాగు దాటాక నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడో గానీ రైలు రాని ఒక రైలుకట్ట ఎక్కి లారీ అవతలికి దిగుతుంటే, ముందు డ్రైవరు కూర్చునే పెట్టె మీద అరచేత్తో దబదబా బాదింది. లారీ ఆగింది.

"ఎవడు?" అని అడిగింది మామని.

"సత్తాం." మామ అన్న కొడుకు. బావి దగ్గర వంతు కోసం మాటామాటా పెరిగింది.

"ఎవర్ని?"

మామ నేల చూపులు చూశాడు. "నవాఫ్ వాళ్ళ అన్నని."

అంటే ఫిద్దా బావగారిని.  

"దూరమని చెబితే నువ్వు ఎక్కేదానివా?" అన్నాడు మామ. "కూతురి దగ్గరికి పోతానని కూర్చునేదానివి. ఈలోగా వాళ్ళొచ్చి నన్ను పొడిచేవాళ్ళు."

"ఎక్కేదాన్నే ఫిద్దా నాన్నా. పిల్లని ఒక్కసారి చూసుకుని, మగ్గం చుట్టుకుని ఎక్కేదాన్ని. మగ్గం అక్కడే ఉండిపోయిందయ్యా."

మగ్గం కోసం ఏడుస్తున్నట్టే ఏడ్చింది. కూతురి కోసమని ఏడిస్తే తట్టుకోలేనని తనకి తెలుసు.

మధ్యవర్తులు రైలుకట్టనే హద్దుగా పెట్టారు. మేము కట్ట దాటి పడమటికి పోకూడదు, వాళ్ళు దాటి తూర్పుకి రాకూడదు. తూర్పున షేక్ ఖలఫ్ అనే పెద్దమనిషి మాకు తన నీడన చోటిచ్చాడు. కట్టకి మేకల మందతో ఒక రోజు నడక. కొన్ని నెలలకి టీ, చక్కెర అమ్ముకునేవాడొకడు వచ్చి, ఫిద్దాకి ఆడపిల్ల పుట్టిందని చెప్పాడు.

"పేరేం పెట్టారు?"

"అడగలేదమ్మా."

"ఇంత దూరం వచ్చి సగం కబురు తెస్తావా? నీ గాడిద నయం నీకంటే." వాడి చక్కెర కొనలేదు కూడా.

ఆ తర్వాత అత్త మామని మళ్ళీ ఎప్పుడూ దగ్గరా దూరమా అని అడగలేదు. కాఫీ పెట్టేది, రొట్టె పెట్టేది, మామూలుగానే మాట్లాడేది. ఆ ప్రశ్న మాత్రం ఆగిపోయింది. గుడారం ఎప్పుడు విప్పాలో ఇక తనే చెప్పేది. "గోమార్లు పట్టాయి" అనేది. కుట్టినా అనేది, కుట్టకపోయినా అనేది. కాస్త జరిగి వేసేది. గడ్డి కోసం కదిలినా, ఆగే చోటు తనే చూపించేది. ఎన్నిసార్లు కదిలినా పడమటికే. అలా ఐదారు వసంతాలు గడిచాయి. 

ఒకరోజు షేక్ ఖలఫ్ మా గుడారంలో కాఫీ తాగుతూ, ఆడవాళ్ళ వైపు తెర అవతల ఉన్న అత్తకి వినపడేట్టు అన్నాడు. "ఏమ్మా వత్ఫా, ఈ గోమార్లు నిన్నెప్పుడూ తూర్పు నుంచే తరుముతాయా?"

"ఏం చెయ్యను షేకూ, వాటికి ఆ ఒక్క దారే తెలుసు."

షేక్ నవ్వాడు. మామ నవ్వలేదు. "ఇంకోసారి మేకులు పీకిందంటే కట్ట ఎక్కుతాం. వాళ్ళ తుపాకీ వెతికేది నా గుండెనే కదా" అన్నాడు.

"కట్ట ఎక్కను. కిందే ఉంటాను. నీ గుండెకి నేను పూచీ" అంది అత్త తెర వెనక నుంచి.

అలాగే కట్ట కింద వేసింది. మేమెవరం గుడారం వాకిలి పడమటికి పెట్టం, గాలి అటు నుంచే కొడుతుంది కాబట్టి. అత్త పడమటికే పెట్టింది. పొయ్యి పొగంతా లోపలికి తిరిగి మామ దగ్గి దగ్గి తిట్టుకున్నాడు. అత్త మాత్రం రోజూ కట్ట మీదికెక్కి, ఇవతలి పట్టాకి ఇవతలే నిలబడి చూసేది.

అవతల చాలా దూరంలో నల్లటి చుక్కలాగా ఒక గుడారం ఉండేది. కొన్నాళ్ళకి అది కొంచెం పెద్దదైంది. మరి కొన్నాళ్ళకి దాని ముందు మేకలు కనిపించాయి.

"అత్తా, అక్కడివాళ్ళకీ గోమార్లు పట్టినట్టున్నాయే" అన్నాను.

అత్త పిండి పిసుకుతోంది. చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

ఎండలు ముదరకముందే ఆ గుడారం కట్టకి అవతల, మాకు ఎదురుగా లేచింది. అత్త కట్టెక్కి, దాని పైకప్పు వైపే చూస్తూ నిలబడింది. నడుమ పట్టీ మిగతావాటికంటే నల్లగా ఉంది. 

"చూడవే, ఆ పట్టీ సగం దాకా నాది" అంది. "మిగతా సగం అంతా వదులే. గట్టిగా కొట్టి నెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను దానికి! వింటేగా!" తిడుతూనే ఉంది, కన్నీళ్ళు గడ్డం మీదుగా కారుతూనే ఉన్నాయి. గోనె కింద మగ్గాన్ని ఎవరో వచ్చి చుట్టుకుపోయారు. దాన్ని ఎవరో పూర్తి చేశారు. ఆ ఎవరో గుడారంలోంచి బయటికి వచ్చి కట్ట ఎక్కుతోంది. వెనకాల కొంగు పట్టుకుని ఒక పిల్ల.

నవాఫ్ గుడారం ముందు కూర్చుని ఉన్నాడు, మా వైపు వీపు పెట్టి. ఆ రోజే కాదు, మేమక్కడ ఉన్నన్నాళ్ళూ అటే తిరిగి కూర్చున్నాడు. అన్న నెత్తురు మర్చిపోలేడు, పెళ్ళాన్ని ఆపనూ లేడు. చూడకుండా ఉండటం ఒక్కటే అతను చెయ్యగలిగింది. అతను మాకు చేసిన మేలు అది. ఆ వీపుని నేనిప్పటికీ గౌరవిస్తాను.

రెండు పట్టాల మధ్య చోటు వదిలి, అటు కూతురు, ఇటు తల్లి ఆగారు. ఒక అడుగు వేస్తే కౌగిలించుకోవచ్చు. వెయ్యలేదు. 

"అక్కడ గోమార్లు చంపుకు తింటున్నాయే అమ్మా" అంది ఫిద్దా.

"ఇక్కడా అంతేనే తల్లీ."

"నవాఫ్‌కీ అదే చెప్పాను. నమ్మాడో లేదో."

"మీ నాన్నా అంతే." అత్త పిల్ల వైపు చూసింది. "దాని పేరేంటే? చక్కెరోడు పేరు అడగకుండా వచ్చాడు, వాడి మొహం మండ."

ఫిద్దా పిల్ల తల మీద చెయ్యి వేసింది. "రహీల్" అంది.

మా వాళ్ళు పిల్ల పుట్టిన నాడు ఏం జరిగితే ఆ పేరు పెడతారు. వాన పడితే వాన పేరు, కరువొస్తే కరువు పేరు. రహీల్ అంటే గుడారాలెత్తుకుని వెళ్ళిపోవడం. 

"మీ లారీ దుమ్ము ఇంకా అణగలేదు, అప్పుడే పుట్టింది" అంది ఫిద్దా. "నీ కోసం కబురు పంపించాను. మగ్గం ఒక్కటే కనిపించిందట."

అత్త అక్కడే, పట్టా పక్కన రాళ్ళ మీద కూలబడింది. పిల్ల ఆమెనే చూస్తూ నిలబడింది. "నిన్ను అందుకోవాల్సిన చేతులు ఇవేనే" అని రెండు అరచేతులూ చాపి దానికి చూపించింది. అంత దూరం నుంచే.

ఆ వేసవికి గడ్డి ఎండిపోయింది. షేక్ మనుషులంతా గుడారాలెత్తారు. మా కింద నేలనిండా గోమార్లు, ఈసారి నిజంగానే. అత్త కాళ్ళు దద్దుర్లెక్కి, గోకి గోకి పుళ్ళయ్యాయి. మామ చాలాసేపు చూసి, తెర పక్కకి వచ్చి కూర్చున్నాడు. నేను పుట్టి పెరిగాక అతను ఆ ప్రశ్న అడగడం విన్నది అప్పుడే.

"ఎక్కడికి పోదామే? దగ్గరా, దూరమా?"

అత్త కట్ట వైపు చూస్తూ కాలు గోక్కుంది.

"ఎక్కడికీ వద్దు ఫిద్దా నాన్నా. కుట్టనీ."