చెన్నకేశవ చెక్కి పారేసిన పొర

చెన్నకేశవకు అనుమానం పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. బంగారు గనిలో ముప్పై ఏళ్లు శాంప్లరు పని. అంటే సొరంగంలో రాయి చెక్కి, సంచికెత్తి, పరీక్షకు పంపడం. షిఫ్టు దిగిన ప్రతిసారీ గేటులో టిఫిను డబ్బా తెరిపించి సాంబారులో కూడా వేలు పెట్టి చూసేవాళ్లు. అలా వెతికించుకుని వెతికించుకుని ఆయనకు లోకమంతా దొంగల గుంపులా కనిపించేది. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన కట్టిన సంచి ఒక్కటీ తప్పు పోలేదు. చాంపియన్ రీఫ్స్ గనిలో ఆ మాట కాదనేవాడు ఇంకా పుట్టలేదు.

గనులు మూతపడిన పదేళ్లకు సుగటూరు పిల్ల నయన వచ్చింది. బెంగళూరులో సివిల్ ఇంజనీరింగులో ఎం.టెక్., అందులోనూ మట్టికి పట్టిన విషం సంగతి. రాయిలోంచి బంగారం తీసేశాక గని వదిలిపోయిన సైనైడ్ దిబ్బల దుమ్ములో ఏముందో తేల్చి, దాన్ని ఎలా కప్పాలో చెప్పాలట. మార్చి గాలికి ఇక్కడ ఆరేసిన పంచె పక్కూరు బంగారుపేటలో దొరికే ఊరికి అది పనికొచ్చే చదువే.

"నాకు క్లాసులుండాయి అంకుల్. దిబ్బ మీద నేను జెండాలు పాతిన ఇరవై చోట్లా పైపైన మట్టి తీసి పంపండి," అని చెన్నకేశవకు పని అప్పజెప్పి వెళ్లింది.

మట్టికి ఇంత చదువా? చెన్నకేశవ నమ్మలేదు. "ఇంగా బంగారం ఉండాదేమో చూస్తా ఉండారు. దుమ్మనేది ఉత్త మాట," అన్నాడు భార్య కమలాక్షితో. అయినా పని పనే. ఇరవై సంచులూ కట్టి పంపాడు.

నెల తిరక్కుండా నయన మళ్లీ వచ్చింది, ముఖం మాడ్చుకుని.

"నిజం చెప్పండి అంకుల్. ఈ మట్టి యాడ తీసినారు?"

"యాడంటే? నీ జెండాల కాడే."

"ఉండాల్సిన విషపు ఉప్పుల్లో పదో వంతు కూడా లేదు. రాగి చేల్లో మట్టి నింపి తెచ్చినావా అన్నారు మా ప్రొఫెసరు. నా రిపోర్టు మీద సంతకం పెట్టరంట."

"అంటే నేను దొంగనా?"

"నేను అట్ల అన్నానా?"

"అనలేదు, చూస్తా ఉండావు కదమ్మా!"

ఆ రోజు ఆయన అనుమానించనివాళ్లు లేరు. సంచులు బస్సుకెక్కించిన ఆటో దాసప్పను నడిబజారులో నిలదీశాడు. "నీ మట్టి నాకెందుకప్పా? మా ఇంట్లో రోజూ ఊడ్చేదే బకెట్టు ఉండాది, కావాలంటే ఎత్తుకోని పో!" అన్నాడు దాసప్ప.

మర్నాడు పొద్దున నయనా ఆయనా కలిసి దిబ్బ ఎక్కారు. ఆమె కన్ను ఆయన చేతి మీద, ఆయన కన్ను ఆమె సంచి మీద. మొదటి జెండా దగ్గర చెన్నకేశవ గొంతుకూర్చుని, అప్పడంలా పేరుకున్న తెల్లటి పెచ్చును తాపీతో గీకి పారేశాడు. బ్రష్షుతో తుడిచాడు. అప్పుడు కిందిది తవ్వాడు.

"ఆగండాగండి! ఏం చేస్తా ఉండారు?"

"మట్టి ముఖం శుభ్రం చేస్తా ఉండా. గనిలో మొదటి పాఠం ఇదే. పైన పట్టిన చెత్త కలిస్తే శాంపిలు చెడతాది."

"ఆ చెత్తే కదా నాకు కావాల్సింది! ఎండకు లోపలి ఉప్పు పైకొచ్చి పేరుకునేది ఆడనే. గాలికి లేచేదీ అదే." నయన నెత్తి పట్టుకుంది. "ఇరవై చోట్లా ఇట్లే చేసినారా?"

"ఒక్కటి వదల్లేదు," అన్నాడు, తాపీ కింద పెట్టి.

"ఇది నేను చెప్తే మా ప్రొఫెసరు నమ్మరు అంకుల్. సాకు అంటారు."

"నోరు మూసుకోని ఉండండి. ముప్పై ఏళ్ల పేరు పోతాది," అని ఇంట్లో కమలాక్షి వారించింది. చెన్నకేశవ ఆ మరుసటి రోజే నయనతో బెంగళూరు రైలెక్కాడు.

ప్రొఫెసరు అంతా విని, కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఈ పాఠం ఈ అమ్మాయి నేర్పి తెచ్చిందా?"

చెన్నకేశవ లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీలోని పూలకుండీలో మట్టి మీద తెల్లగా ఉప్పు పట్టి ఉంది. బల్ల మీది స్కేలు తీసి ఆ పొరను గీకాడు, ఊదాడు, కింది మట్టి చిటికెడు కాగితంలో వేసి మడిచాడు. రెప్పపాటులో అయిపోయింది. అంత నిఖార్సైన తప్పును ఒక్క రోజులో నేర్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్రొఫెసరు నయన వైపు తిరిగాడు. "కొత్తవి తీసుకురా. పోల్చడానికి పాతవీ ఉంచుదాం. పైపొర తీసినవి అని రాయాలి. సేకరించింది ఎవరని రాయను?"

"నా పేరే," అన్నాడు చెన్నకేశవ. ఇంటిపేరుతో సహా చెప్పి రాయించాడు.